నూనె నాణ్యతకు విటమిన్-ఇ సాక్ష్యం

నూనె ముక్కిపోయిందో లేదో తేల్చడానికి ప్రయోగశాలలు దశాబ్దాలుగా పెరాక్సైడ్ విలువపైనే ఆధారపడుతున్నాయి. ఆ పరీక్ష చవకైనది. విద్యార్థి ఒక పూటలో నేర్చుకోగలిగినది. అయితే అది తెలిపేది జరిగిపోయిన నష్టాన్ని మాత్రమే. పైగా పెరాక్సైడ్లు ఏర్పడుతూనే ఆల్డిహైడ్లుగా, కీటోన్లుగా విచ్ఛిన్నమవుతాయి గనుక ఒక దశ దాటిన తరువాత ఆ విలువ తిరిగి తగ్గుతుంది. బాగా పాతబడిన నూనె సైతం పరీక్షలో నెగ్గే ప్రమాదం ఇక్కడే ఉంది. ఈ ఒక్క అంకెతో నూనె నాణ్యతను నిర్ణయించడం సమంజసం కాదు.

నష్టం మొదలు కాకముందే హెచ్చరించగల పదార్థం నూనెలోనే ఉంది. అది టోకోఫెరాల్, అనగా విటమిన్-ఇ. తటస్థ జలమాధ్యమంలో, ప్రామాణిక హైడ్రోజన్ ఎలక్ట్రోడుతో పోల్చినపుడు, కొవ్వు పెరాక్సిల్ రాడికల్ క్షయకరణ పొటెన్షియల్ సుమారు 1.0 వోల్టు, టోకోఫెరాల్ రాడికల్‌ది సుమారు 0.5 వోల్టు; విటమిన్-సి రాడికల్‌ది 0.28 వోల్టు. ఈ మెట్ల వరుసలోనే అసలు విషయం ఉంది. పెరాక్సిల్ రాడికల్ పక్కనున్న కొవ్వు ఆమ్లంపై పడకముందే టోకోఫెరాల్ తన హైడ్రోజన్‌ను దానికిచ్చి ఆక్సీకరణ చెందుతుంది. జీవకణంలో విటమిన్-సి దానిని తిరిగి పూర్వరూపానికి తెస్తుంది. డబ్బాలోని నూనెకు ఆ ఆసరా లేదు. ఖర్చయిన టోకోఫెరాల్ ఖర్చయినట్లే. కనుక వోల్టామెట్రీలో దాని ఆక్సీకరణ శిఖరం నెలనెలా తగ్గుతూ ఉంటే, నూనెకు మిగిలిన రక్షణ ఎంతో తెలుస్తుంది.

కొవ్వులో కరిగే విటమిన్లన్నీ ఎలక్ట్రోడు వద్ద ఒకే తీరుగా ప్రవర్తించవు. విటమిన్-కె క్వినోన్ గనుక క్షయకరణం చెంది, తిరిగి పూర్వస్థితికి రాగలదు. ఎ, డి విటమిన్ల ఆక్సీకరణ సాధారణంగా ఏకదిశగా సాగిపోతుంది. టోకోఫెరాల్ ప్రవర్తన ద్రావణిని బట్టి మారుతుంది: తేమలేని అసిటోనైట్రైల్‌లో రెండు ఎలక్ట్రాన్లు, ఒక ప్రోటాన్ కోల్పోయినా వెనక్కి మరలగలదు, నీరు చాలినంత ఉంటే టోకోఫెరిల్ క్వినోన్‌గా మారిపోతుంది. ద్రావణిలోని తేమను నమోదు చేయని ప్రయోగాన్ని మరొకరి ఫలితంతో పోల్చడం ఎంతవరకు సబబో విద్యార్థులు ఆలోచించాలి.

ఇబ్బందులు లేకపోలేదు. నూనె విద్యుద్వాహకం కాదు. తగిన ద్రావణిలో కరిగించి లవణం చేర్చవలసి ఉంటుంది. ఆక్సీకరణ ఉత్పన్నాలు ఎలక్ట్రోడుపై పేరుకుంటాయి; ప్రతి కొలతకు ముందు దానిని మెరుగుపెట్టాలి. తవుడు నూనెలో ఒరైజనాల్ కూడా ఫినాల్ సమూహం గలదే. దాని సంకేతాన్ని వేరు చేయకుండా మొత్తాన్ని విటమిన్-ఇ ఖాతాలో వేయడం పొరపాటు. కోళ్ల దాణా ప్రీమిక్సులలో వాడే టోకోఫెరిల్ అసిటేట్ విషయం ఇందుకు విరుద్ధం. హైడ్రాక్సిల్ సమూహం కప్పబడి ఉన్నందున టోకోఫెరాల్ స్పందించే పొటెన్షియల్ వద్ద అది మౌనం వహిస్తుంది. జలవిశ్లేషణ చేయనిదే దాణాలో విటమిన్ లేదని తీర్పు చెప్పరాదు.

ఈ జాగ్రత్తలన్నీ ఒక స్నాతకోత్తర విద్యార్థి పాటించగలిగినవే. చేతిలో ఇమిడే పొటెన్షియోస్టాట్లు నేడు లభిస్తున్నాయి. వేరుశనగ గానుగ నూనెను ఎండ తగిలే అరల్లో, పారదర్శక సీసాలలో పేర్చి అమ్మడం ఊరూరా కనిపించే దృశ్యం. ఆ నూనెనే ఒక భాగం వెలుతురులో, ఒక భాగం చీకటిలో ఉంచి, పెరాక్సైడ్ విలువతోపాటు టోకోఫెరాల్ శిఖరాన్ని కూడా నెలనెలా నమోదు చేయడం మంచి పరిశోధనాంశం. రంగు సీసా ధర ఎందుకు భరించాలని గానుగ యజమాని అడిగినపుడు విస్తరణ శాస్త్రవేత్త చూపవలసింది ఆ రెండు గీతల మధ్య తేడానే.