కొరమీనుకి ఇల్లు కట్టేముందు

మా హాల్లో ఆరడుగుల గాజు తొట్టి ఉంది. అందులో ఒక్కటంటే ఒక్కటే చేప. వచ్చినవాళ్లు "ఇంత తొట్టిలో రంగు చేపలేవీ?" అని అడుగుతారు. అది కొరమీను అని చెప్పగానే నవ్వి, "పులుసు ఎప్పుడు పెడుతున్నారు?" అంటారు. ఈ జోకు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

రెండేళ్ల కిందట మృగశిర నాడు మా అత్తమ్మ ఆయాసానికని నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌కి చేప మందుకి వెళ్లాం. అక్కడ మందు పెట్టి మింగించేది బతికున్న కొరమీను పిల్లనే. ఒకటి చేజారితే ఎలా అని రెండు కొన్నాం. రెండోది కవర్లోనే మిగిలిపోయింది. దాన్ని మావాడు ఒళ్లో పెట్టుకుని ఇంటిదాకా తెచ్చాడు. వేలెడంత చేప. రెండడుగుల తొట్టి కొన్నాం. అయిపోయింది అనుకున్నా.

ఏడాది తిరిగేసరికి అది అడుగు దాటింది. తొట్టిలో వెనక్కి తిరగాలంటే ఒళ్లు వంచి తిరగాలి. ఒకరోజు తెల్లారి ఐదింటికి పాలు పొయ్యి మీద పెడదామని లేచి చూస్తే డైనింగ్ టేబుల్ కింద దుమ్ము అంటించుకుని పడి ఉంది. రాత్రి ఎప్పుడు దూకిందో! చచ్చిందనే అనుకున్నా. తడిగుడ్డ వేసి ఎత్తితే చేతిలో ఒక్క విదిలింపు విదిలించింది. ఆ బలం నాకిప్పటికీ గుర్తే.

కొరమీను పైకొచ్చి గాలి పీలుస్తుంది. బజారులో టబ్బుల్లో బతికే అమ్మేది అందుకే. వానాకాలంలో ఒక కుంటలోంచి ఇంకో కుంటకి తడినేల మీద పాక్కుంటూ పోతుందని మా ఆయన చెప్పేవారు, నేను నమ్మేదాన్ని కాదు. ఆయన చిన్నప్పుడు మామయ్యతో ఊరి చెరువు మీద కప్పని ఎరగా గుచ్చి గాలం వేసేవారట. కొరమీను పడితే కర్ర విల్లులా వంగేదట. ఎర్రటి పిల్లల గుంపు నీళ్లమీద కదులుతుంటే మాత్రం మామయ్య అక్కడ గాలం వేయనిచ్చేవారు కాదట. తల్లీ తండ్రీ రెండూ పిల్లల కిందే కాపలా ఉంటాయి కదా.

టేబుల్ కింద దొరికిన రోజే ఆయన "నాలుగడుగుల తొట్టి కడదాం" అన్నారు. నేను ముందు వద్దన్నాను. ఊరికి తీసుకెళ్లి చెరువులో వదిలేద్దాం అన్నాను. మావాడు ఆ రాత్రి అన్నం తినలేదు. నాలుగు రోజులు ఇల్లంతా మూగనోము.

ఇలాంటి చోట మనం ఆడవాళ్లం మామూలుగా "సరే, మీ ఇష్టం" అనేసి వంటింట్లోకి వెళ్లిపోతాం. ఇంట్లో మనకి చేటు చేసే మాట అదే అని నా అభిప్రాయం. మీ ఇష్టం అన్న ప్రతిదీ ఆర్నెల్లకి మన పనే అవుతుంది. అందుకే ఈసారి అనలేదు. కాగితం, పెన్నూ తెచ్చి ముందు పెట్టి, కొలతలు చెప్పండి అన్నాను.

లెక్క వేస్తే నాలుగడుగులది కూడా మళ్లీ రెండేళ్లకి ఇరుకే. కడితే ఆరడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, రెండు ఎత్తు ఉండాలి. పెద్ద తొట్టి అడిగింది నేనే! ఎత్తుకన్నా వెడల్పు ముఖ్యం, చేప తిరగాలి కదా. పైన జాగా వదిలి పోసినా సుమారు 700 లీటర్లు. లీటరు నీళ్లు కిలో. 12 మిల్లీమీటర్ల గాజు, స్టాండు, ఇసుక, ఫిల్టరు కలిపితే టన్నుకి దగ్గర. ఇళ్ల గదులకి చదరపు మీటరుకి 200 కిలోల బరువు అని లెక్క వేసుకుని కడతారు. మా తొట్టి కింద పడేది దానికి మూడు రెట్లు పైనే. మాది మూడో అంతస్తు. ఇంజనీరుని పిలిచి చూపించాక, కిటికీ దగ్గర అనుకున్నది దూలం ఉన్న గోడ వెంబడికి మారింది. నా చిమ్నీ డబ్బులు గాజులోకి వెళ్లాయి. అది నేను ఒప్పుకున్నదే.

మూతకి తాళం పెట్టించాం. నీటికీ మూతకీ మధ్య అరచేయి పట్టేంత సందు ఉండాలి. లేకపోతే గాలి అందక చేపే ఊపిరాడక చస్తుంది. కొత్త నీళ్లు పోసి వెంటనే చేపని వదలకూడదు. చేప వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియా విషం, దాన్ని విరిచే బ్యాక్టీరియా ఫిల్టర్లో పెరగడానికి నెల, నెలన్నర పడుతుంది. ఇది మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పాత తొట్టి స్పాంజి తెచ్చి కొత్త ఫిల్టర్లో పెట్టండి అన్నాను. పాలకి తోడు వేసినట్టే కదా! మా ఆయన ఇంటర్నెట్ అంతా వెతికి, సరిగ్గా అదే రాసుందని వచ్చి చెప్పారు. తిండికి బతికిన చేపపిల్లలు తేవద్దన్నాను, రోగాలు వాటితోనే వస్తాయి. తేలే గుళికలే అలవాటు చేశాం. కొరమీను చెరువుల వాళ్లు వేసేదీ అవే.

ఇక అసలు సంగతి. ఇది మాంసం తినే చేప, నీళ్లు తొందరగా పాడుచేస్తుంది. వారానికి పావు వంతు మార్చాలి. అంటే దాదాపు పది బకెట్లు. ఎండాకాలంలో ట్యాంకరు కొనే అపార్ట్‌మెంటు మాది. తీసిన నీళ్లు పారబోయకుండా మొక్కలకి పోయాలని మాట. మొక్కలకది మంచి ఎరువే. ఎవరు ఏ ఆదివారం చెయ్యాలో రాసి ఫ్రిజ్ మీద అంటించాం. తండ్రి ఒక వారం, కొడుకు ఒక వారం. నా పేరు లేదు. అది అంటించాకే గాజుకి అడ్వాన్సు ఇచ్చాం.

చేప అంటే నాకు ఇష్టం లేదనుకోకండి. పొద్దున్నే నేను లైటు వేయగానే పైకొచ్చి ఒక గుక్క పీల్చి కిందికి పోతుంది. కొరమీను పులుసు మా ఇంట్లో ఆగిపోయింది, బొచ్చె తెస్తున్నాం. మావాడు అదీ తినడం లేదనుకోండి.

పోయిన ఆదివారం పెళ్లికి వెళ్లొచ్చి ఇద్దరూ పడుకున్నారు. అద్దం మసకగా ఉంది. రెండుసార్లు పైపు దగ్గరిదాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఒక రోజు ఆలస్యమైతే చేపకేం కాదు. సోమవారం రాత్రి పదింటికి గిన్నెలు సర్దుతుంటే హాల్లోంచి నీళ్ల చప్పుడు వినిపించింది. తండ్రీకొడుకులు, ఇది నీ వారమంటే నీ వారమని పోట్లాడుకుంటూనే పైపు పెట్టారు.