అడ్వాన్స్‌కు అడ్డుకట్ట ఏది?

ఇంటికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్స్ అడగరాదన్న ‘కొత్త నిబంధనలు’ దేశమంతటా అమల్లోకి వచ్చాయన్న ప్రచారం ఉత్తిదే. ఆ మాట ఉన్నది కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో. రాష్ట్రం చట్టం చేయనిదే దానికి బలం లేదు. హైదరాబాద్‌లో దిక్కనుకునే 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమేమో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇంటికి వర్తించదు. ఆ సొమ్ముకు కూకట్‌పల్లిలో సింగిల్ బెడ్‌రూమ్ కాదు కదా, హాస్టల్లో మంచం దొరికినా గొప్పే. చిరుద్యోగికీ, కొత్తగా కాపురం పెట్టిన జంటకూ ఇక మిగిలింది సివిల్ కోర్టు. ఇరవై, ముప్పై వేల కోసం ఆ మెట్లెక్కేదెవరు? ఈ ధీమాతోనే, ఖాళీ చేసే రోజున యజమానులు రంగుల ఖర్చు కింద నెల అద్దె కోసుకోవడం ఆనవాయితీ అయింది. మేకులు దిగిన గోడకూ, మచ్చలేని గోడకూ ఒకటే లెక్క. ఒప్పందంలో మరోలా రాసుకోకపోతే సున్నం, తలుపుల రంగు యజమాని బాధ్యతేనని నమూనా చట్టం చెబుతోంది. యజమానుల్లో అద్దె మీదే బతికే విశ్రాంత ఉద్యోగులూ ఉన్నారు. బకాయిపడి కదలని కిరాయిదారుల బెడద వారికి తక్కువేం కాదు. వివాదాన్ని 60 రోజుల్లో తేల్చేందుకు నమూనా చట్టం ఉద్దేశించిన అద్దె కోర్టు ఇరుపక్షాలకూ అవసరం. తెలంగాణ ప్రభుత్వం ఆ మేరకు కొత్త చట్టం తేవాలి. ఈలోగా 11 నెలల ఒప్పందపత్రాల్లో అడ్వాన్స్ వాపసు గడువునూ, కోతల వివరాన్నీ తప్పనిసరి చేయాలి.