చుట్కీని ఎవరడిగారు?

“బొమ్మల సినిమాయేగా, చూసి నవ్వేసి ఊరుకోక!” అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నవ్వుకోండి, కాదన్నదెవరు? నవ్వుతూ నవ్వుతూనే తీర్పులు చెప్పేస్తున్నారు చూడండి, నా గొడవంతా ఆ తీర్పులతోనే.

2020 వేసవి గుర్తుందిగా. లాక్‌డౌన్‌లో ఊళ్ళన్నీ తలుపులేసుకుని కూర్చున్న రోజుల్లో ట్విట్టర్‌లో ‘జస్టిస్ ఫర్ చుట్కీ’ అంటూ గగ్గోలు లేచింది. పిల్లల కార్టూన్‌లోని ఛోటా భీమ్ తన నేస్తం చుట్కీకి చెయ్యిచ్చి రాకుమారి ఇందుమతిని పెళ్ళాడాడట! చివరికి ఆ బొమ్మలు తీసే హైదరాబాదు కంపెనీ, గ్రీన్ గోల్డ్ యానిమేషన్, సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. వాళ్ళింకా పిల్లలే, పెళ్ళి వార్త అబద్ధం, ఆ పసివాళ్ళ మధ్యకి ప్రేమలూ పెళ్ళిళ్ళూ లాక్కురాకండి బాబూ అని. రాజీవ్ చిలక సృష్టించిన ఈ భీముడు పోగో చానల్‌కెక్కింది 2008లో.  అప్పుడు ఆరేళ్ళున్న పిల్లకాయలు 2020కి ఓటు హక్కున్న పెద్దమనుషులు. సరదాకి చేశాం అంటారు. సగం సరదాయేనని నేనూ ఒప్పుకుంటాను. రెండో సగం సంగతేమిటి?

వాళ్ళ వాదన వినండి. చుట్కీ వాళ్ళమ్మ టున్‌టున్ మౌసి లడ్డూలు చేసి అమ్ముతుంది. లడ్డూ తింటే భీమ్‌కి ఎక్కడలేని బలం వస్తుంది. ఇన్నేళ్ళూ లడ్డూలు పెట్టిన పిల్లను వదిలేసి రాజుగారి కూతురి వెనక పోతాడా, విశ్వాసం లేనివాడు! ఇదీ వరస. లడ్డూలన్నీ పద్దు రాసి, వడ్డీ కట్టి, బాకీ మొత్తం పెళ్ళితో చెల్లుబెట్టమన్నారు. మిఠాయి అమ్ముకునే ఆవిడ కూతురు ఒకవైపు, రాజుగారి కూతురు ఒకవైపు ఉంటే జనం పేదింటి పిల్ల పక్షాన నిలబడటం నాకు నచ్చింది. కానీ ఆ పిల్లకి వాళ్ళు ఇప్పించబోయిన న్యాయమేమిటి? ఒక మొగుడు! పాలబుగ్గలు పోని పిల్లకి! ఆమెకి భీమ్ కావాలో వద్దో అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు. ఇందుమతి మాట సరేసరి, ఏ తప్పూ చేయకుండానే దొంగైపోయింది.

ఇది ఇప్పటి పిల్లల పైత్యం, మా కాలంలో కార్టూన్లు అమాయకంగా ఉండేవి అని మురిసిపోయే పెద్దలు ఒకసారి పొపాయ్‌ని మళ్ళీ చూడండి. 1933లో అమెరికాలో ఫ్లైషర్ స్టూడియో తీసిన మొదటి పొపాయ్ బొమ్మలోనే అంతా ఉంది. లడ్డూ బదులు పాలకూర, భీమ్‌తో పోటీపడే కాలియా బదులు బ్లూటో, మధ్యలో ఆలివ్. బ్లూటో ఆమెను ఎత్తుకుపోయి రైలు పట్టాలకు కట్టేస్తాడు. పొపాయ్ పాలకూర మింగి వాణ్ణి చితక్కొట్టి, ఎదురొచ్చే రైలును గుద్ది ఆపుతాడు. అయిపోయింది, పిల్ల అతనిదే. ఆలివ్ గురించి చూసినవాళ్ళు ఏమంటారో తెలుసా? “నిలకడ లేని మనిషి, పూటకొకడి వెంట పోతుంది” అని. ఒక చెయ్యి ఒకడు, రెండో చెయ్యి ఇంకొకడు పట్టుకుని లాగుతుంటే నిలకడగా నిలబడమనడం ఏ ఊరి ధర్మం?

అదే స్టూడియో 1934లో ‘ఎ డ్రీమ్ వాకింగ్’ అని ఇంకో బొమ్మ తీసింది. ఆలివ్ నిద్రలో లేచి నడుచుకుంటూ పోయి, సగం కట్టిన పెద్ద మేడ ఇనుప దూలాల మీదికెక్కుతుంది. నేను కాపాడతానంటే నేను కాపాడతానని పొపాయ్, బ్లూటో ఆ దూలాల మీదే తన్నుకు చస్తుంటారు. వాళ్ళ తన్నులాట తెమిలే లోపు ఆవిడ కన్ను తెరవకుండానే దిగొచ్చి తన మంచం మీద పడుకుంటుంది. కిటికీలోంచి తొంగిచూసిన పొపాయ్‌ని చూసి మెలకువొచ్చి, చేతికందిన వస్తువల్లా విసిరికొడుతుంది. తొంభై ఏళ్ళ కిందటే బొమ్మ గీసినవాడు ఎంత చక్కగా చెప్పాడు! అది చూసీ ఏమంటారు? “పాపం పొపాయ్! అంత చేస్తే ఇదా ఫలితం?”

మన ‘మాయాబజార్’ మాత్రం ఏమిటి, అదీ ఒక పిల్ల కోసం ఇద్దరి పోటీయేగా అని అడ్డం పడకండి. 1957లో కె.వి. రెడ్డి గారు తీసిన ఆ కథకి వెన్నెముకే శశిరేఖ మనసు. ఆమెకి అభిమన్యుడు కావాలని మొదటి నుంచీ మనకి తెలుసు, అందుకే లక్ష్మణకుమారుడి అవస్థకి కడుపారా నవ్వుతాం.

ఇక ఇంటి సంగతికొస్తాను. ఏప్రిల్, మే నెలల్లో మా నూజివీడు మామిడి తోటల్లో షెడ్డుల కింద చూడండి. ఒకవైపు బంగినపల్లి, ఒకవైపు రసాలు, మూలన జ్యూస్ ఫ్యాక్టరీకి పోయే కలెక్టర్ కాయలు. కాయలు ఏరుతూ ఆడవాళ్ళు, నున్న మామిడి మార్కెట్‌లో ధర ఎంత పలికిందని ఫోన్లలో మగవాళ్ళు, సెలవులకొచ్చిన పిల్లలు ఓ పక్కన. ఐదేళ్ళ పిల్ల కనబడితే చాలు, “ఏమే, బావని చేసుకుంటావా, మావయ్యని చేసుకుంటావా?” ఆ బావకి ఏడేళ్ళు. “అది నాదే” అని వాడంటే చప్పట్లు. పిల్ల “నేనెవర్నీ చేసుకోను” అంటే అంతకంటే పెద్ద నవ్వు. “అబ్బో, ఇప్పుడలాగే అంటావులే!” టెంక ముదరని కాయ పక్కన కార్బైడ్ పొట్లం పెట్టి పైకి పసుపు, లోన పులుపు చేసి అమ్మే దళారీని తిట్టే నోళ్ళే ఈ మాటలూ అనేది. ఆ సాయంత్రమే అదే పెద్దమనిషి పిల్లవాడి చేతిలోంచి ఫోను లాక్కుని, ఈ కార్టూన్లు పిల్లల్ని పాడుచేస్తున్నాయని ఉపన్యాసమిస్తాడు. కార్టూన్‌దాకా ఎందుకయ్యా? మొదటి ఎపిసోడ్ నువ్వే వేశావుగా!

ఈ మాటలు నవ్వులతోనే ఆగిపోవు. 2004లో విజయవాడలో, తరగతి గదిలోనే ఒక ఎంసీఏ విద్యార్థినిని ప్రేమ పేరుతో వెంటపడ్డవాడు చంపేశాడు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు, వాళ్ళలో ఒకమ్మాయి బతకలేదు. ఆ హంతకులు కార్టూన్లు చూసి చెడిపోయారని నేననడం లేదు, అంత తెలివితక్కువ మాట నా నోట రాదు. ఇలాంటివి జరిగినప్పుడల్లా టీకొట్ల దగ్గర నలిగే మాట గురించే నా బాధ. “వాడికి ఏదో ఆశ పెట్టే ఉంటుంది. ఊరికే ఎవడు చేస్తాడు?” ఇది లడ్డూల పద్దు కాక మరేమిటి? అక్కడ పెట్టిన లడ్డూకి పెళ్ళి బాకీ, ఇక్కడ నవ్విన నవ్వుకి ప్రాణం బాకీ.

గ్రీన్ గోల్డ్ వాళ్ళు పిల్లల్ని పిల్లలుగా ఉండనివ్వమన్నారు, మంచి మాటే. అయితే వాళ్ళనీ ఒకటి అడగాలి, ఆ చూసినవాళ్ళనీ అడగాలి. ఆ లడ్డూలో ఎంత బలముందో చుట్కీ రోజూ కళ్ళారా చూస్తోంది. లడ్డూలు తయారయ్యేదే వాళ్ళింట్లో. ఒక లడ్డూ తనే నోట్లో వేసుకుంటే ఏమవుతుంది? ఆ వేసవి గోల అంతటిలోనూ ఈ ప్రశ్న నా కంటపడలేదు.