అహ్మదాబాద్ నుంచి తెలుగు పాఠం

వేర్వేరు దేశాలవాళ్లు కలిసి తీసిన విద్యా కార్యక్రమాలకు ఐరోపాలో మెడియా పురస్కారాల కింద ప్రత్యేక బహుమతే పెట్టారు. మంచి పని. అలా కలిసి పనిచేయడం మనకూ కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు ఇస్రో నడిపిన 'సైట్' అనే ఉపగ్రహ బోధనా టీవీ ప్రయోగానికి ఉపగ్రహం నాసాది, సంకేతాలు పంపింది అహ్మదాబాద్ భూకేంద్రం. కర్నూలు, మెదక్ పల్లెల్లో కోళ్ల వల బిగించిన గొడుగు యాంటెన్నా కింద పిల్లలు పొద్దున్నే తెలుగు కార్యక్రమాలు చూశారు. గుజరాత్ నుంచి తెలుగు పాఠం వచ్చిందంటే ఇప్పటివాళ్లు నమ్ముతారా!

నేడు సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. అయినా రాష్ట్రాల మధ్య పాఠాల పొత్తు కుదిర్చి, మెచ్చుకునేవారేరీ? సూరత్‌లోని భేస్తాన్, ఉధనా వైపు తెలుగు పిల్లల కోసం అక్కడి, ఇక్కడి ఉపాధ్యాయులు కలిసి తీసిన వీడియో ఏదైనా మీ ఎరుకలో ఉంటే మాకు రాయండి, వచ్చే సంచికలో పరిచయం చేస్తాం.