కంప్యూటరు కుంగుబాటును తీర్చేనా? పక్కన మనిషి ఉంటేనే!

పదహారేళ్ళ పిల్లవాడు అన్నం సహించక, నిద్ర పట్టక, పుస్తకం ముందు గంటలకొద్దీ కూర్చుని ఒక్క పేజీ తిప్పకపోతే మన పల్లెల్లో బద్ధకమంటారు, గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు. డాక్టర్లు డిప్రెషన్ అనే మానసిక కుంగుబాటు ఇలాగే ఉంటుంది. దీనికి చికిత్స ఉంది, చేసేవారే చాలరు. ధైర్యం చేసి పట్నం తీసుకువెళితే ‘పిచ్చి డాక్టరు దగ్గరకు పోయారట’ అన్న మాట వారికంటే ముందే ఊరు చేరుతుంది.

ఈ లోటును కంప్యూటరు కొంత పూడ్చగలదని న్యూజిలాండ్ వారు చూపించారు. ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో శాలీ మెర్రీ బృందం ‘స్పార్క్స్’ అనే ఆటను తయారు చేసింది. పిల్లవాడు ఆటలో ఒక వీరుడవుతాడు. ‘నా వల్ల కాదు, నేనెందుకూ పనికిరాను’ వంటి తలంపులు పురుగుల్లా ఎగిరి మీదికొస్తే కొట్టి పడగొడతాడు. ఏడు అంచెలు. ఊపిరి నెమ్మదిగా పీల్చడం, సమస్యను ముక్కలు చేసి చూడడం అంచెకొకటిగా నేర్పుతారు. 12 నుంచి 19 ఏళ్ళ వారు 187 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2012లో వెలువడ్డాయి. చికిత్సను సక్రమంగా పొందినవారిని లెక్కిస్తే ఆట ఆడినవారిలో నూటికి 44 మంది, మామూలు కౌన్సెలింగ్ వగైరా పొందినవారిలో 26 మంది కోలుకున్నారు. 2014 నుంచి ఆ దేశమంతటా ఆటను ఉచితంగా అందించారు. స్వల్ప కుంగుబాటుకు ఇటువంటి పద్ధతిని ఇంగ్లండు వైద్య మార్గదర్శకాలు కూడా 2019లో సిఫార్సు చేశాయి.

అయితే అసలు చిక్కు ఇక్కడే ఉంది. పరీక్షలో పిల్లలను కనిపెట్టి చూసేవారున్నారు. ఎవరికి వారే వాడుకోమని వదిలేస్తే? స్పార్క్స్ రూపకర్తల్లో ఒకరైన థెరీసా ఫ్లెమింగ్ తదితరులు 2018లో ఇటువంటి పలు కార్యక్రమాలను పరిశీలించగా, చివరిదాకా నిలిచినవారు కొన్నిచోట్ల నూటికి ఒక్కరు కూడా లేరు. ఎక్కువలో ఎక్కువ 29కి లోపే. దిగులుకు మొదటి లక్షణమే ఏ పనిమీదా మనసు నిలవకపోవడం కదా!

గోవాలో ‘సంగత్’ సంస్థ ఈ కిటుకు గ్రహించినట్లుంది. ‘పాడ్ అడ్వెంచర్స్’ అనే ఫోన్ ఆటను బడిలోనే ఆడించి, పక్కన శిక్షణ పొందిన మనిషిని కూర్చోబెట్టింది. ఆ మనిషి డాక్టరు కానక్కరలేదు.

మన దగ్గర చాలా ఇళ్ళలో ఫోను తండ్రి జేబులో ఉంటుంది, రెసిడెన్షియల్ కళాశాలల్లో బీరువాలో ఉంటుంది. కనుక యాప్ విడుదల చేసి చేతులు దులుపుకుంటే లాభం లేదు. కళాశాలకొక లెక్చరరుకు తర్ఫీదిచ్చి, వారానికి అరగంట, తలుపు వేసుకునే ఒక గది ఇవ్వాలి. ఆట తెలుగులో ఉండాలి. ఖర్చు పెద్దది కాదు, కానీ బడ్జెట్టులో ఎవరి పద్దు కింద రాస్తారు?

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అంతటి ఆపదలో ఆట సరిపోదు, వెంటనే మనిషి పలకాలి. 2022 అక్టోబరు నుంచి కేంద్రం నడుపుతున్న టెలిమానస్‌కు, 14416 నంబరుపై, రాత్రీ పగలూ తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. ఫోన్లు తీసిపెట్టే హాస్టళ్ళ వారు ఈ ఒక్క నంబరుకైనా బీరువా తాళం తీస్తారా అన్నది తేలవలసి ఉంది.