మనిషి తీరు – నాయకుని తీర్పు

పలాస-కాశీబుగ్గ జంట పట్టణములలోని జీడి కార్ఖానాలలో పిక్క పప్పుగా మారుటకు ఎన్నో చేతులు మారవలెను. పిక్కను వేడిమికి గురిచేయువారు ఒకరు, పెంకు కోసి పప్పు తీయువారు మరియొకరు, ఆరిన పప్పునకు పొట్టు ఒలుచువారు వేరొకరు, గుండు, బద్ద, ముక్క అని ఏరి వేరుచేయువారు ఇంకొకరు. ఈ పనులలో అధికభాగము స్త్రీలదే. పెంకు కోయుటకు వేగమును, తెగువయు కావలెను. ఏరుటకు ఓర్పును, నిశితమైన చూపును కావలెను. వేగము గల మనిషిని ఏరుచోట కూర్చుండబెట్టి, “ఈమెకు శ్రద్ధ లేదు” అని మేస్త్రి విసుగుకొనినచో ఆ తప్పు ఎవరిది? ఆ చేతిని అచ్చట ఉంచిన బుద్ధిది కాదా?

నాయకత్వమనగా ఆజ్ఞాపించుటయే అను భ్రమ మన కార్యాలయములందును, పాఠశాలలందును నేటికిని తొలగలేదు. పదిమందిచేత పని చేయించువాడు ముందుగా ఆ పదిమంది తీరును ఎరుగవలెను. “పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి” అను సామెతలోనే ఈ విద్యకు బీజము కలదు. ఆయుర్వేదము వాత, పిత్త, కఫ ప్రకృతులను చెప్పినది. అమెరికా దేశపు మనస్తత్త్వవేత్త విలియం మౌల్టన్ మార్‌స్టన్ 1928లో ప్రకటించిన గ్రంథమున సామాన్య మానవుల ప్రవర్తనను నాలుగు తెరగులుగా విభజించెను. ఎదురైన అడ్డంకిని అణచి ముందునకు పోవుట ఒకటి. మాటచేత ఇతరులను తనవైపునకు త్రిప్పుకొనుట రెండవది. ఒదిగి, నలుగురితో కలిసి నిలుకడగా పనిచేయుట మూడవది. నియమము తప్పక జాగ్రత్తగా అడుగు వేయుట నాలుగవది. నేడు పెద్ద సంస్థలు ఉద్యోగుల శిక్షణలో వాడు ప్రశ్నావళులలో కొన్ని ఈ విభజన ఆధారముగా తరువాతివారు రూపొందించినవే.

టెక్కలి ప్రాంతమున ఒక ఉన్నత పాఠశాలను ఊహింపుడు. వార్షికోత్సవమునకై ప్రధానోపాధ్యాయుడు సమావేశము జరిపినాడు. ఒక ఉపాధ్యాయుడు “మాటలు చాలు, పని మొదలుపెట్టుదము” అనును. రెండవవాడు ఊరి పెద్దలను, పిల్లలను ఎట్లు రప్పింపవలెనో ఉత్సాహముగా వర్ణించును. మూడవవాడు పెదవి కదపడు. కాని ఉత్సవము ముగిసిన రాత్రి బల్లలన్నియు లోపలికి చేర్చిన పిదపనే ఇంటికి పోవును. నాలుగవవాడు “ఖర్చునకు లెక్క ఏది?” అని అడుగును. తీరు ఎరుగని నాయకునికి వీరు వరుసగా అహంకారి, వాచాలుడు, చేతకానివాడు, ఆక్షేపకుడు. ఎరిగిన నాయకుడు మొదటివానికి లక్ష్యము చెప్పి, దారిని అతనికే విడుచును. రెండవవానిని నలుగురిలో మెచ్చుకొనును. మూడవవానిని ఒంటరిగా పిలిచి, తొందరపెట్టక అభిప్రాయము అడుగును. నాలుగవవానికి కాగితములను ముందురోజే అందజేయును. నలుగురును మారలేదు, నాయకుని మాట మారినది.

అయితే ప్రతి ప్రవర్తనయు పుట్టుకతో వచ్చినదేనా? ఇచ్చటనే మేలైన నాయకులు సైతము పొరపడుదురు. పరిసరములు తనకు అనుకూలమో ప్రతికూలమో, వానికంటె తాను బలవంతుడో బలహీనుడో మనిషి భావించుకొను విధమునుబట్టియే ఆ నాలుగు తెరగులు ఏర్పడునని మార్‌స్టన్ చెప్పెను. కర్ట్ లెవిన్, ఆయన సహచరులు అమెరికాలో పదేండ్ల బాలుర బృందములపై జరిపిన పరిశోధన 1939లో వెలువడినది. నిరంకుశ నాయకుడు గదిలో నున్నంతవరకు పిల్లలు పనిచేసిరి. ఆయన బయటకు పోగానే పని కుంటుపడెను. అందరితో ఆలోచించి నడిపిన నాయకుడు లేనప్పుడును పని ఇంచుమించు అట్లే సాగెను. అనగా అనుచరుల తీరులో కొంత నాయకుడు సృష్టించినదే.

ఈ మాట ఉద్దానమునకు వచ్చునప్పటికి వట్టి శాస్త్రచర్చగా మిగులదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస మొదలగు మండలములలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎన్నో కుటుంబములను కుంగదీసినది. తొలిదశలో అది బయటకు కానరాదు. ముదిరిన పిదప నీరసము ఆవరించును. తోటపనిలో వెనుకబడిన కూలివానిని యజమాని సోమరి అనును. తరగతిలో కునుకు తీయు బాలుని ఉపాధ్యాయుడు మందమతి అనును. ఆ బాలుని తండ్రికి వారమునకు రెండు మూడు మారులు డయాలసిస్ జరుగుచుండవచ్చును. తల్లి ఆసుపత్రికి తోడు పోగా ఇంటి చాకిరి, చెల్లెలి భారము వానిపై పడియుండవచ్చును. చేసిన పనికొలది కూలి పొందు స్త్రీ మేస్త్రి ఎదుట మౌనముగా నున్నచో దానిని అణకువ అనుట సులభము. రేపటి పని పోవునను భయమేమోనని తలచుటకు కొంత మనసు కావలెను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసకు చేరువలో తీరము దాటినప్పుడు ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగినవి. అట్టి విపత్తు పిదప ఏ ఊరికైనను నాలుగు తీరులవారును అవసరమే. దారికి అడ్డుపడిన చెట్లను తొలగించుటకు వెంటనే నిశ్చయించువాడు, దిగులు పడినవారికి ధైర్యము చెప్పువాడు, నీటికై బారులు తీరినవారి నడుమ తగవు రేగకుండ ఓర్పుతో నిలుచువాడు, ఏ ఇంటి నష్టమును విడువక జాబితా వ్రాయువాడు—వీరిలో ఏ ఒక్కరు లేకున్నను ఊరు తేరుకొనుట ఆలస్యమగును. తనవంటివారినే చుట్టును చేర్చుకొను నాయకుడు ఇట్టివేళ మూడు చేతులు పోగొట్టుకొనినవాడగును.

కావున నాయకుడు మొదట చదువవలసినది తన తీరునే. త్వరపడువానికి ఎదుటివాని జాగ్రత్త ధిక్కారమువలె తోచును. జాగ్రత్తపరునికి ఎదుటివాని చొరవ దుడుకుతనమువలె తోచును. తన త్రాసును సరిచూచుకొనక సరకు తూచువానికి ఏ తూకమును నిజము చెప్పదు.

ఉపాధ్యాయుడు ఒక బాలుని పేరు ఎదుట “సోమరి” యనియో, “మొండి” యనియో వ్రాయుటకు ముందు వానితో ఒంటరిగా ఐదు నిమిషములు మాటాడవలెను. ప్రధానోపాధ్యాయుడు తన సహోద్యోగితోను, మేస్త్రి తన కూలివారితోను అట్లే చేయవలెను. ఆ ఐదు నిమిషములకు ఖర్చు లేదు. తొందరపాటున తగిలించిన ఆ ఒక్క మాట మాత్రము ఆ మనిషిని ఏండ్ల తరబడి విడువకపోవచ్చును.