పంపు బ్యాటరీకి వేసవిలోనూ మేత కావాలి

పత్తిలో పచ్చదోమ కనపడగానే అటక మీది బ్యాటరీ పంపు దింపుతాం. రెండు ట్యాంకులు కొట్టేసరికి అది కాస్తా ఆగిపోతుంది. కంపెనీని తిట్టుకుంటూ మండల కేంద్రానికి పోయి, దుకాణదారు చేతికిచ్చిన బ్యాటరీ తెచ్చుకుంటాం. మరుసటేడు మళ్లీ అదే కథ. రైతు సోదరులారా, ఒక్క మాట ఆలోచించండి. మన బ్యాటరీలు చాలామటుకు మందు కొట్టి కొట్టి పాడవడం లేదు. పని లేని నెలల్లో మూలన పడి పాడవుతున్నాయి.

దుక్కి లేదని వేసవిలో ఎద్దుకు గడ్డి మానేస్తామా? బ్యాటరీ సంగతీ అంతే. ఈ పంపుల్లో ఎక్కువగా ఉండేది 12 వోల్టుల సీలు వేసిన సీసపు బ్యాటరీ. వాడకపోయినా దానిలో చార్జింగు తనంతట తనే తగ్గిపోతుంది. ఎండ ముదిరేకొద్దీ ఇంకా తొందరగా తగ్గుతుంది. అలా ఖాళీగా ఉంటే లోపలి సీసపు పలకల మీద సల్ఫేటు పేరుకొని గట్టిపడుతుంది. ఆ తర్వాత రాత్రంతా చార్జింగు పెట్టినా పట్టదు.

అయితే పంపు ఆగిన ప్రతిసారీ తప్పు బ్యాటరీదే అనుకోకండి. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు వెంటనే కొత్తది కొనొద్దు. ముందు ఫ్యూజు, తీగల బిగింపు, జల్లెడ, నాజిల్ చూసుకోండి. అదే రకం పంపు ఉన్న పక్క రైతు చార్జరుతో ఒకసారి చార్జింగు పెట్టి చూడండి. నిండా చార్జింగు అయ్యాక చార్జరు తీసేసి, తెల్లారి ఎలక్ట్రికల్ షాపులో మీటరు పెట్టించండి. 12.7 వోల్టులు, ఆపైన ఉంటే మంచిదే. 12 కంటే తక్కువ చూపినా, పంపు ఆన్ చేసిన కొద్ది నిమిషాలకే 11 కిందికి పడిపోయినా, దాని పని అయిపోయినట్టే.

ఇక కొనడం. ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం కదా, బ్యాటరీకి తయారీ తేదీ చూడండి. ఆరు నెలలకు పైగా చార్జింగు లేకుండా బీరువాలో ఉన్న సరుకు వద్దనండి. పాత దాని మీద 8 ఏహెచ్ అని ఉందో, 12 ఏహెచ్ అని ఉందో చూసి అదే తీసుకోండి. ఏహెచ్ అంటే అది దాచుకోగల కరెంటు లెక్క. ఈ లెక్కను మామూలుగా 20 గంటల పాటు నెమ్మదిగా వాడినప్పటికి కడతారు. అందుకే 8 ఏహెచ్ బ్యాటరీని 3 ఆంపియర్లు లాగే మోటారుకు పెడితే రెండున్నర గంటలు కూడా పూర్తిగా రావడం కష్టం. డబుల్ మోటారు పంపయితే ఇంకా తగ్గుతుంది. చేత్తో ఎత్తి కూడా చూడండి. 8 ఏహెచ్ సీసపు బ్యాటరీ రెండు కిలోలకు పైనే తూగాలి. మరీ తేలిగ్గా ఉంటే లోపల సీసం తగ్గించారేమోనని అనుమానించాల్సిందే.

లిథియం బ్యాటరీ తేలిక, మన్నిక కూడా ఎక్కువే. కానీ దానికి దాని చార్జరే వాడాలి. సీసపు బ్యాటరీ చార్జరు పెడితే బ్యాటరీ చెడడమే కాదు, నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. ఏది కొన్నా బిల్లు, వారంటీ కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకోండి. బిల్లు లేకుండా ఇస్తే వంద తగ్గిస్తాననే మాటకు లొంగితే, రేపు పేచీ వస్తే మన చేతిలో కాగితం ముక్క ఉండదు.

మందు కొట్టిన రోజే పంపు కడిగి, తుడిచి, సాయంత్రానికి చార్జింగు పెట్టండి. పూర్తిగా ఆగిపోయేదాకా నడపొద్దు. పచ్చలైటు వెలిగాక చార్జరు తీసేయండి. రోజుల తరబడి వదిలేస్తే అదీ చెడుపే. రేకుల కొట్టంలో వేడికి బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. అలాగని మందు వాసన ఉన్న పంపును పిల్లలు పడుకునే గదిలో పెట్టకండి. చల్లగా, గాలి వచ్చే వసారాలో, పిల్లలకు అందని ఎత్తున ఉంచండి. పని లేని నెలల్లోనూ నెలకోసారి చార్జింగు తప్పదు. అమావాస్యనాడు అరక కట్టని ఊళ్లు చాలానే ఉన్నాయి. ఆ రోజునే గుర్తు పెట్టుకుంటే సరి.

పాత బ్యాటరీని పగలగొట్టి సీసం తీయడం, పెంటకుప్పలో పారేయడం చేయకండి. అందులోని ఆమ్లం ఒళ్లు కాలుస్తుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బ తీస్తుంది. వాడేసిన బ్యాటరీల సేకరణ బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు తయారీదారుల మీదే పెట్టాయి. పాతది దుకాణంలోనే ఇచ్చి, కొత్తదాని ధరలో ఎంత తగ్గిస్తారో గట్టిగా అడగండి.

అమ్మేవాళ్లకూ ఒక మాట. పంపు చేతికిచ్చేటప్పుడు నాజిళ్లు ఎన్ని వస్తాయో చెబుతారు, చార్జింగు సంగతి చెప్పరు. రాయితీ మీద పంపులు పంచే చోట అయినా, నెలకోసారి చార్జింగు పెట్టాలన్న ముక్క తెలుగులో రాసి ట్యాంకు మీద అంటించాలి. ఎకరం, రెండెకరాల రైతుకు ఏటా ఒక బ్యాటరీ ఖర్చంటే మాటలు కాదు. పైగా కొత్తది తెచ్చేదాకా పంపు ఆగుతుంది గానీ, పురుగు ఆగదు.